యూజర్ 14

ఓటేరి వంతెన దిగి బస్సు మలుపు తిరిగే చోట
మా ఆసుపత్రి. కింది అంతస్తులో ల్యాబ్.
ల్యాబ్‌కీ వార్డులకీ మధ్య పంతొమ్మిదేళ్లుగా
ఒక కుర్చీ, ఒక కీబోర్డు, నేను.

ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం,
తెర మీద ఇంగ్లీషు.
అంకెలకి మాత్రం ఏ భాషా అక్కర్లేదు.
మిషను ముద్రించిన చీటీ ఎడమచేతి కింద పెట్టుకుని
హిమోగ్లోబిన్ తొమ్మిది పాయింట్ రెండు,
క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఎనిమిది,
పెదాలు తెలుగులో చదువుతుంటే
వేళ్లు కొట్టుకుపోయేవి.

ఎవరి రక్తమో తెలీదు. రంగైనా చూడలేదు.
కానీ పొటాషియం ఆరు దాటితే
కుర్చీ వెనక్కి తోసి ఫోను ఎత్తేదాన్ని.
"సిస్టర్, ఇంకోసారి తియ్యండి,
ట్యూబు బాగా కుదిపినట్టున్నారు."
అలా చెయ్యమని నన్నెవరూ అడగలేదు.
చీటీలు తెచ్చి పడేస్తూ ఏళుమలై నవ్వేవాడు:
"అక్కా, మీరు టైపిస్టా, డాక్టరా?"

పోయిన ఆడి నెలలో వచ్చాడు ఇళంగో.
మెడలో తాడు, తాడుకి కార్డు,
సంచిలో చుట్టచుట్టిన నీలం వైరు.
మిషను వెనకాల దుమ్ము తుడిచి
ఎన్నడూ ఎవరూ వాడని రంధ్రంలో దాన్ని గుచ్చాడు.
ఆ తర్వాత మూడు వారాలు
నా పక్కనే స్టూలేసుకుని
నేనేం చేస్తానో చూసి రాసుకున్నాడు.
"చేసేదేముంది నాయనా, చూస్తాను, కొడతాను."
"కొన్నిచోట్ల ఆగుతారు కదక్కా. ఎందుకాగుతారు?"

ఎందుకాగుతానో
నేను వెతుక్కోవడం
అదే మొదటిసారి.

చెప్పాను. పొటాషియం సంగతి చెప్పాను.
నిన్న పన్నెండున్న హిమోగ్లోబిన్ ఇవాళ ఏడైతే
మనిషికి రక్తమైనా పోయుండాలి,
ట్యూబైనా మారుండాలి అని చెప్పాను.
చంటిపిల్లల వార్డుకి లెక్కే వేరని చెప్పాను.
అన్నీ రాసుకున్నాడు.
ఒక్కటి చెప్పలేదు.

రెండువేల పదకొండు. వాన. కరెంటు పోయి వచ్చిన రాత్రి.
ఆరో వార్డులో ఇద్దరు సెల్విలు,
కె. సెల్వి, ఆర్. సెల్వి.
ఒకామె చక్కెర ఇంకొకామె పేరు కింద కొట్టాను.
తెల్లారేలోపు నేనే పట్టుకుని దిద్దాను.
ఈలోపల ఆర్. సెల్వికి ఒక సూది పడిందట.
ఒళ్లంతా చెమటలు పట్టాయట.
చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకుందట.
అన్నీ అటలే.
రెండంతస్తుల మెట్లెక్కి నేను చూసి రాలేదు.
దిద్దినది: యూజర్ 14 అని
ఇప్పటికీ ఉంటుంది, వెతికితే.
ఎవరూ వెతకలేదు.

నిన్న రాత్రి పదింటికి ఆన్ చేశారు.
చీటీ ఇంకా మిషను నోట్లో ఉండగానే
అంకె తెర మీదకొచ్చేసింది,
చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చే ఇంటి మనిషిలా.
ఇళంగో చప్పట్లు కొట్టబోయి
నా మొహం చూసి ఆగాడు.

ఇప్పుడు ట్యూబుకి నల్లగీతల చీటీ అంటిస్తారు.
మిషను ఆ గీతలే చూస్తుంది, పేరు చూడదు.
మద్రాసులో ఉన్న సెల్విలందరూ
ఒక్క రాత్రే వచ్చి చేరినా
ఎవరి చక్కెర వాళ్లకే.
ఏడుపొచ్చింది.
ఉద్యోగానికా, ఆర్. సెల్వికా,
తేల్చుకునేలోపు ముక్కు తుడుచుకున్నాను.

రెండు దాటాక ఒక అంకె కదల్లేదు.
పసుపు గడిలో ఇరుక్కుని నిలబడింది.
పొటాషియం, ఆరు పాయింట్ ఎనిమిది.
కింద చిన్న అక్షరాల్లో
మనిషి చూస్తే గాని పంపను అని రాసుంది.
వైరు చుట్టను తలగడ చేసుకుని
ఇళంగో నేల మీదే నిద్రపోతున్నాడు.
కుర్చీ వెనక్కి తోశాను.

"మిషను పెట్టారన్నారే,"
అవతల సిస్టరు ఆవులించింది,
"ఇంకా మీరేనా?"

ఒకటో తారీకు నుంచి నన్ను
గేటు దగ్గర పేర్లు రాసే బల్లకి మారుస్తున్నారు.
నల్లగీతలు పుట్టేది అక్కడేనట.
పేరు ఒకసారి అడుగుతాను.
ఇనిషియల్ మాత్రం
రెండుసార్లు.